పెరటి ప్రశ్నలు: ఈసారి అంతా సాంబారు ఉల్లే

పోయిన సంచికలో మా పెరట్లో సాంబారు ఉల్లి తవ్వాం అని రెండే రెండు ముక్కలు రాశాను, దానికి పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఒకేలాంటివి కలిపేసి కొన్ని వేస్తున్నా. ఒక్క సంగతి ముందే చెప్పాలి, కొందరు చిన్నుల్లి అని రాశారు, చాలా ఇళ్ళల్లో చిన్నుల్లి అంటే వెల్లుల్లి కదా, అందుకని నేను సాంబారు ఉల్లి అనే రాస్తాను. ఒక్క పాయ పాతితే దాని చుట్టూ నాలుగో ఆరో పాయలు గుత్తిగా ఊరతాయే, అది.

ప్రశ్న: అక్కా, నిరుడు సంతలో చిన్న చిన్న ఉల్లిపాయలు అరకేజీ కొని పెరట్లో నాటాను. అన్నీ మొలిచాయి, ఆకు కూడా నిండుగా వచ్చింది, కానీ సంక్రాంతి వెళ్ళాక ఒక్కోదానికీ కాడ లేచి తెల్ల పువ్వు వచ్చేసింది, తవ్వి చూస్తే కింద గట్టి కాడ తప్ప ఏమీ లేదు. మా అత్తగారు నా చేతి వాటం మంచిది కాదంటున్నారు. నా తెలుగులో ఒడియా కలిసిపోతుంది, తప్పులుంటే క్షమించండి.
(ఒక గృహిణి, పర్లాకిమిడి)

జవాబు: ముందు ఆ క్షమాపణ వెనక్కి తీసుకో చెల్లీ. వాడుక తెలుగు కోసం గిడుగు రామమూర్తి గారు అంత పోరాడింది మీ ఊళ్ళో ఉండే కదా, ఆ ఊరి పిల్లవి, నీ మాట నువ్వు రాసుకోడానికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

నీ చెయ్యి బాగానే ఉంది. అన్నీ మొలిచి ఆకు నిండుగా వచ్చిందంటే నేల బాగుంది, నీళ్ళు సరిపోయాయి, తేడా వచ్చింది విత్తనం దగ్గర. నువ్వు కొన్నది సాంబారు ఉల్లి కాదు, పెద్ద ఉల్లిలో సైజు రాక ఏరి పక్కన పెట్టిన బుల్లి గడ్డలు. సంతలో ఒడియాలో పియాజ, అంటే ఉల్లి అని అడిగితే రెండూ ఒకే గుట్టలో పోసి ఉంటాయి, అమ్మేవాళ్ళని కూడా అనలేం, కూరకి ఏదైనా ఒకటే మరి, నాటేవాళ్ళకే తేడా. పెద్ద ఉల్లిది రెండేళ్ళ బతుకు, మొదటి ఏడు గింజ నుంచి గడ్డ ఊరుతుంది, ఆ గడ్డని మళ్ళీ పాతితే రెండో ఏడు చలి తగిలాక కాడ వేసి పువ్వు పూసి గింజ కడుతుంది, గడ్డలో దాచుకున్నదంతా ఆ పువ్వుకే పెట్టేస్తుంది. అందుకే నీకు కింద ఏమీ మిగల్లేదు.

మరి గుర్తు పట్టడం ఎలాగంటే పాయని చేతిలోకి తీసుకుని బుగ్గలు చూడు. సాంబారు ఉల్లి తోబుట్టువులతో ఒత్తుకుని పెరుగుతుంది కాబట్టి ఒక పక్క చదునుగా చెక్కినట్టు ఉంటుంది, గుట్టలో వెతికితే రెండు మూడు పాయలు ఇంకా అడుగున అతుక్కునే దొరుకుతాయి. సైజు రాని పెద్ద ఉల్లి గోళీకాయలా అన్ని వైపులా గుండ్రంగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే ఒకటి నడిమికి అడ్డంగా కొయ్యి, పైపొర లోపల రెండు మూడు మొవ్వులు వేరువేరు చుట్లుగా కనబడితే అది గుత్తి కట్టే ఉల్లి, ఆ ఒక్కో మొవ్వే రేపు ఒక్కో పాయ అవుతుంది. ఒక్క చుట్టే ఉంటే వదిలెయ్యి. పెద్ద ఉల్లిలో కూడా అప్పుడప్పుడు జంట మొవ్వు ఉంటుంది కాబట్టి ఒక్కటి కోసి తేల్చెయ్యకు, నాలుగైదు కోసి చూడు, కోసినవి ఎలాగూ పులుసులోకి వెళ్తాయి. బెంగళూరు రోజ్ అని ఇంకోటి వస్తుంది, ఎర్రగా ముద్దుగా ఉంటుంది, అది కూడా చిన్నదే కానీ గుత్తి కట్టదు, గింజతో వేసే రకం.

మీ వాళ్ళెవరైనా తమిళనాడు వైపు పనికి వెళ్తే వచ్చేటప్పుడు ఒక కేజీ తెమ్మని చెప్పు, దిండిగల్, పెరంబలూరు దగ్గర పొలాలకి పొలాలు ఇదే వేస్తారు. కోయంబత్తూరు వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళవి కో 4, కో 5 అని రకాలు ఉన్నాయి, అందులో కో 5 గింజ కూడా కడుతుంది. ఒక్కసారి మంచి విత్తనం ఇంట్లోకి వస్తే తర్వాత కొనక్కర్లేదు, అదే దీని గొప్పతనం. ఈసారి పాయలు ఏరే పని అత్తగారికే అప్పజెప్పు, పెద్దవాళ్ళ వేళ్ళకి మెత్తబడిన పాయ మనకంటే ముందు తెలుస్తుంది.

ప్రశ్న: సాంబారు ఉల్లి ఆగస్టులో నాటాను, అంతా కుళ్ళిపోయింది. ఏ నెలలో నాటాలి, ఎంత లోతు?
(రిటైర్డ్ టీచర్, రాయగడ)

జవాబు: మాస్టారూ, నమస్కారం. తమిళనాడులో ఏప్రిల్ మేల్లో ఒకసారి, అక్టోబరు నవంబరుల్లో ఒకసారి నాటతారు, కానీ మన ఆకాశం వేరండీ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, అది అయిపోయింది హమ్మయ్య అనుకునేసరికి అక్టోబరు తుపాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి, ఆ తేదీలు చూడండి. మాది గుణుపూర్, తిత్లీ ఏడాది నేను కూడా తొందరపడి సెప్టెంబరు ఆఖర్లో నాటేశాను, పదిహేను రోజుల మొక్క, రెండు రోజులు మడి నీళ్ళల్లోనే ఉంది, లాగి చూస్తే అడుగంతా మెత్తబడిపోయి వేళ్ళు చేతిలోకి ఊడొచ్చాయి. చుట్టుపక్కల ఇళ్ళే పోయినవాళ్ళున్నారు, ఉల్లి మడి గురించి ఏడవకూడదు, కానీ ఏడుపొచ్చింది.

అప్పట్నుంచి దీపావళి వెళ్ళాకే నాటుతున్నా. ఒడియా వాళ్ళ కార్తీకం కుమార పూర్ణిమ, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమి, మర్నాడే మొదలవుతుంది, మనది దీపావళి తర్వాత, ఆ పదిహేను రోజుల తేడా నాకు బాగా కలిసొచ్చింది ఎలాగంటే మా పక్కింటి మావుసీ ఆ నెలంతా హబిస నోము చేస్తారు, ఉల్లి వెల్లుల్లి ముట్టరు, వాళ్ళింట్లో ఉట్టి మీద పాయలకి ఆ టైముకి మొలకలు వచ్చేసి ఉంటాయి, నాకు ఇచ్చేస్తారు. మొలక మొదలైన పాయ నాటడానికి చాలా మంచిది. అదే కొత్తగా తవ్విన పాయ అయితే వెంటనే పాతొద్దు, నెలన్నర రెండు నెలలు అది నిద్రపోవాలి, ఆ నిద్ర తీరకుండా పాతితే మట్టిలో అలాగే కూర్చుంటుంది.

లోతు అసలు వద్దు. వేరు వైపు కిందకి పెట్టి మొన మట్టికి సమంగా ఉండేలా, కనీకనబడకుండా నొక్కితే చాలు. లోతుగా పాతితే మెడ సాగుతుంది, గడ్డ ఊరదు, తడికి కుళ్ళుతుంది కూడా. పాయకి పాయకి 10 నుంచి 15 సెంటీమీటర్లు, వరసకి వరసకి జానెడు. పైన ఎండిపోయిన తోక ఉంటుంది కదా, దాన్ని కత్తెరతో తీసేయండి, లేకపోతే కాకులు దాన్ని పట్టుకుని పాయని పైకి లాగేస్తాయి, పొద్దున్నే లేచి చూస్తే అన్నీ మడి పక్కన పడుంటాయి. మీది బరువు నేల అయితే మడిని నేల కంటే బెత్తెడు ఎత్తు కట్టుకోండి, నీళ్ళు నిలవకూడదు. బాగా మాగిన గత్తం వెయ్యండి, పచ్చి పేడ వద్దు, దానికి ఈగ చేరి పురుగు పడుతుంది. దీని వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి ఒకేసారి తడిపేసి వారం వదిలేయడం కాకుండా మూడు నాలుగు రోజులకి ఒకసారి కొద్దిగా పెట్టాలి, కలుపు కూడా చేత్తోనే పీకండి, తవ్వుగోల పెడితే వేళ్ళు తెగుతాయి. ఊరుతున్న పాయలు మట్టి పైకి తేలతాయి, అయ్యో బయటపడ్డాయి అని మట్టి ఎగదోయకండి, అవి అలాగే ఉండాలి.

ప్రశ్న: మేడమ్, మాది బరంపురంలో ఫ్లాట్, డాబా మీద గ్రో బ్యాగులు పెట్టాను. ఆన్‌లైన్‌లో ఫారిన్ షాలట్ (మన సాంబారు ఉల్లి లాంటిదే) సీడ్స్ ఖరీదు పెట్టి తెప్పించాను. సగమే మొలిచాయి, మొలిచినవి ఐదు నెలల నుంచి ఆకులే ఇస్తున్నాయి, గడ్డ లేదు. ఏం తక్కువైంది?
(ఉద్యోగిని, బరంపురం)

జవాబు: పగలు తక్కువైందమ్మా. ఉల్లి జాతి గడ్డ కట్టాలా వద్దా అన్నది పగటి పొడవు చూసి నిర్ణయించుకుంటుంది. చాలా యూరప్ రకాలకి 14 గంటలో అంతకంటే ఎక్కువో పగలు కావాలి, మన బరంపురంలో జూన్ నెలలో కూడా పగలు 13 గంటల చిల్లరే, శీతాకాలంలో 11 గంటలు. నువ్వు ఎంత గత్తం పోసినా, ఎంత శ్రద్ధగా చూసినా ఆ మొక్క ఎదురుచూసే రోజు మన దగ్గర రాదు. సగమే మొలవడానికి కారణం వేరే, ఉల్లి గింజ తొందరగా పాడవుతుంది, మన ఉక్కకి ఏడాది దాటితే చాలా గింజ చచ్చిపోతుంది. ప్యాకెట్ మీద తేదీ చూడకుండా ఉల్లి గింజ ఎప్పుడూ కొనకు. డబ్బులు పోయాయని బాధపడకు, ఆ ఆకులు కోసుకుని వాడుకో, ఆమ్లెట్‌లోకి, పకాళ చద్దన్నంలోకి నంజుకోడానికి బావుంటాయి.

ఈసారి మన సాంబారు ఉల్లి పాయలే పెట్టు. అడుగు వెడల్పు బ్యాగుకి నాలుగు పాయలు, అంతకంటే ఇరికించకు, ఒక్కోటీ గుత్తి కడితే చోటు చాలదు. ఆరు గంటల ఎండ తగలాలి. డాబా మీద బ్యాగు తొందరగా ఆరిపోతుంది, వేలు గుచ్చి చూసి నీళ్ళు పొయ్యి. ఆకు కోసం ఒక బ్యాగు విడిగా పెట్టుకో, గడ్డ కావాల్సిన మొక్క నుంచి ఆకు కోస్తే గడ్డ చిన్నదైపోతుంది, రెండూ ఒకే మొక్క దగ్గర అడగకూడదు.

ప్రశ్న: అక్కా, ఆకుల మీద వెండి గీతలు పడుతున్నాయి, కొసలు ఎండి మెలిపడుతున్నాయి. ఎరువుల షాపులో మూడు మందులు కలిపి కొట్టమన్నారు.
(తమ్ముడు, జయపురం)

జవాబు: కొట్టకు తమ్ముడూ, పది బారల మడికి మూడు మందులెందుకు. అది తామర పురుగు. ఆకు లోపలి మడతల్లో, మెడ దగ్గర, నువ్వు ఆకుని విడదీసి చూస్తే పసుపు రంగులో నూలుపోగు ముక్కంత పురుగులు కదులుతాయి. ఆకుని గీరి రసం తాగుతాయి, ఆ గీరిన చోటే వెండిలా మెరుస్తుంది. ఎండ ముదిరి గాలి పొడిగా ఉన్నప్పుడు, జనవరి ఆఖరు నుంచి ఎక్కువవుతాయి. పొద్దున పూట పైపుతో నీళ్ళు ఆకుల మొదట్లోకి గట్టిగా కొడితే సగం రాలిపోతాయి. మిగిలినవాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టు, వారానికోసారి మూడు వారాలు. నీలం రంగు జిగురు అట్టలు కూడా పెట్టుకోవచ్చు.

ఒకవేళ గీతలు కాకుండా నడుమ ఊదారంగు ఉన్న కోలమచ్చలు పడితే అది వేరే, అది ఊదా మచ్చ తెగులు, ఆకు మీద మంచు తడి నిలిస్తే వస్తుంది. అప్పుడు సాయంత్రం నీళ్ళు మానెయ్యి, మచ్చ ఆకులు తీసి కాల్చెయ్యి, ఆగకపోతే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి 2.5 గ్రాములు. కొసలు పసుపు తిరిగి, లాగితే వేళ్ళు లేకుండా ఊడొచ్చేస్తుంటే మాత్రం అడుగు కుళ్ళు, ఆ మొక్కకి మందు లేదు, పీకి పారెయ్యి, ఆ మడిలో మూడేళ్ళు ఉల్లి గానీ వెల్లుల్లి గానీ వెయ్యకు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు పొడి ఉందేమో అడుగు, నాటేముందు బుట్ట గత్తానికి గుప్పెడు కలిపి నీడలో వారం మగ్గబెట్టి వేస్తే చాలావరకు రాదు.

ప్రశ్న: గడ్డ పెద్దది కావడానికి యూరియా వేయొచ్చా?
(ఛత్రపురం)

జవాబు: వద్దు. ఆకు దట్టంగా వస్తుంది, మెడ లావెక్కుతుంది, ఆ మెడ ఆరదు, తవ్విన నెలకే కుళ్ళు మొదలు. సాంబారు ఉల్లి పెద్దది కావాలని అడగడమే సరికాదు.

ప్రశ్న: పంట బాగా వచ్చింది పిన్నీ, కానీ దాచినవి నెల తిరక్కుండా బూజు పట్టాయి. వచ్చే ఏటికి విత్తనం ఉంచుకోవడం ఎలా?
(పర్లాకిమిడి దగ్గర పల్లె నుంచి)

జవాబు: తవ్వడానికి ముందు ఏం చేశావో రాయలేదు, నా అనుమానం నీళ్ళ మీదే. ఆకులు పసుపు తిరిగి మెడ దగ్గర వంగి పడిపోవడం మొదలవగానే నీళ్ళు ఆపెయ్యాలి, పది పదిహేను రోజులు మట్టి ఎండాలి, అప్పుడు తవ్వాలి. నాటిన 65 రోజుల నుంచి 90 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, క్యాలెండర్ చూడకు, ఆకు చూడు. తవ్వాక కడగకు, ఆకు కొయ్యకు, గుత్తి విడదియ్యకు, అలాగే నీడలో గాలి ఆడే చోట వారం పది రోజులు పరిచి ఉంచు. మెడ నలిపితే గలగలమని పొడిగా ఉండాలి. ప్లాస్టిక్ కవర్లో పెట్టావా చచ్చిపోతాయి, బంగాళదుంపల పక్కన కూడా పెట్టకు, దుంపల చెమ్మ వీటికి పడదు.

విత్తనానికి ముందే ఏరి పక్కన పెట్టుకో, తినగా మిగిలినవి విత్తనం అనుకుంటే ఏడాదికేడాది పాయ సన్నబడిపోతుంది. ఎక్కువ పాయలు కట్టిన గుత్తుల్లోంచి, తెగులు రాని మొక్కల్లోంచి, మధ్య సైజు గట్టివి. అరకేజీకి యాభై పైచిలుకు పాయలు వస్తాయి, ఇంటికి అది చాలు, నాకు దాంట్లోంచి రెండున్నర మూడు కేజీలు దిగుతుంది. ఆకులతో జడలా అల్లి పొయ్యి గదిలో దూలానికి కట్టు, కట్టెల పొయ్యి ఉంటే ఆ పొగ వెచ్చదనానికి వానాకాలం దాటేస్తాయి. గ్యాస్ పొయ్యి ఇల్లయితే వరండాలో వానజల్లు తగలని మూల. శ్రావణ భాద్రపదాల్లో వారానికోసారి కిందనుంచి తడిమి చూడు, మెత్తబడినదాన్ని అప్పటికప్పుడే తుంచి తీసెయ్యి, దాని పక్కవాటిని ఆ పూట పులుసులో వేసెయ్యి.