గుండెలో మెకానికల్ (కృత్రిమ) వాల్వు వేసిన పిల్లాడితో బెంగళూరు వచ్చిన తల్లికి

అనంతపురం నుంచి బాబుతో వచ్చేశాం, ఎక్కడ చూపించాలి అని అడిగారు కదా చెల్లీ. బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ గుండె ఆసుపత్రి ఉంది, వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి ఆసుపత్రి ఉంది. ఓపీ వేళలు, కాగితాలు కౌంటర్లో చెబుతారు. అది పెద్ద పని కాదులెండి.

కొత్తగా వచ్చిన మనవాళ్లందరూ బోల్తా పడేది తిండి దగ్గర. మేమూ అంతే. ఊళ్లో రోజూ తోటకూర పప్పో, గోంగూరో. ఇక్కడ పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ, ఆకుకూర ఎప్పుడో ఆదివారం. ఆకుకూరల్లో ఉండే, నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె తగ్గేసరికి, నెత్తురు గడ్డకట్టకుండా వేసే అదే అసిట్రోమ్ మాత్ర ఎక్కువ పనిచేసి ఐఎన్ఆర్ (నెత్తురు గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చెప్పే లెక్క) పైకి పోతుంది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు. సంక్రాంతికి ఊరెళ్లి వారం గోంగూర తింటే కిందికి దిగుతుంది, వాల్వు మీద గడ్డ కట్టే భయం. ఆకుకూర మానక్కర్లేదు, కొలత మారకూడదు. వారానికి మూడుసార్లు చిన్న గిన్నెడు అనుకుంటే ఎక్కడున్నా అంతే. జ్వరానికి యాంటీబయాటిక్ పడితే వారంలోపే రక్తపరీక్ష. నొప్పులకు బ్రూఫెన్ లాంటివి షాపులో అడిగి వేయకండి. పన్ను పీకించే ముందు వాల్వు సంగతి చెప్పాలి.

మాత్ర సాయంత్రం పెట్టుకుంటే మేలు. పొద్దున పరీక్ష చేయిస్తే, డోసు మార్చమన్నా ఆ పూటకే మార్చుకోవచ్చు. ఏడు గళ్ల డబ్బా కొనండి. మరిచింది అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి వద్దు. పదిహేనేళ్ల వాణ్ని తిట్టారా, ఈసారి దాస్తాడు. వాడు మింగని సంగతి తెలియక డాక్టరు డోసు పెంచేస్తాడు, అదీ ప్రమాదం.

ఇవన్నీ నేర్చుకుంటారు. నా బెంగల్లా మీ ఒంటరితనం గురించే. నాలుగో అంతస్తు, ఆయనది నైట్ షిఫ్టు, తలుపులన్నీ మూసి. రాత్రి నిశ్శబ్దంలో ఆ వాల్వు టిక్కుటిక్కు బయటికే వినపడుతుంది. అది వింటూ కూర్చునే తల్లి నెల తిరక్కుండా డబ్బాలో మాత్రలు తప్పుగా నింపుతుంది. టిక్కుమనడం మంచిదే. మెత్తబడితేనో, ఆగిపోయినట్టుంటేనో, ఆయాసమొస్తేనో, మాట తడబడితేనో పరుగెత్తాలి. మిగతా రాత్రులు పడుకోండి.

తెలుగు సంఘం ఉగాది పచ్చడి దాకానే. అర్ధరాత్రి పనికొచ్చేది ఎదురింటి కన్నడావిడ. ఆవిడతో రోజూ ఓ పది నిమిషాలు మాట్లాడండి, వచ్చీరాని కన్నడ అయినా సరే. 108కి చెప్పడానికి రెండు ముక్కలు చాలు: ఎదె నోవు (ఛాతీ నొప్పి), ఉసిరాటద తొందరె (ఊపిరి అందట్లేదు). ఇంటి గుర్తు కన్నడంలో ఆవిడ చేతనే రాయించి తలుపు వెనక అంటించండి. ఇంకో తాళంచెవి ఆవిడ దగ్గర ఉంచి, ఆసుపత్రి ఫైలు ఏ అరలో పెట్టారో ఒకసారి చూపించండి.