నల్లగొండలో పక్షులు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? బైనాక్యులర్ ఏది కొనాలి?

సముద్రం లేని జిల్లాలో నీటిపక్షుల్ని ఎక్కడ చూడాలని అడిగారు. మనకున్న సముద్రం పానగల్ చెరువు, అదే ఉదయ సముద్రం. చలికాలం పొద్దున్నే కట్ట మీదికి వెళ్తే కొంగలు, నీటికాకులు, బాతులు కనిపిస్తాయి. సాగర్ దాకా పెట్రోల్ కాల్చే పని లేదు. నన్నడిగితే కట్ట దాకా కూడా వద్దు, ఇంటి పక్కన ఖాళీ ప్లాటు చాలు.

మా పక్క ప్లాటులో ఇల్లు కట్టడానికి కంకర పోయించి, ఎందుకో పని ఆపేశారు. ఎండాకాలం ఆ కంకరలో తీతువు గుడ్లు పెట్టింది. గూడంటూ ఉండదు. చిన్న గుంత, అందులో నాలుగు మచ్చల గుడ్లు. చూపు తిప్పి మళ్లీ చూస్తే ఏది గుడ్డో ఏది రాయో తెలియదు. అమ్మకు టెన్షన్ మొదలైంది. తీతువు కూస్తే చావు కబురు వస్తుందని నమ్మకం కదా. "రాత్రిపూట గట్ల మొత్తుకుంటే మంచిది గాదు బిడ్డా, ఎల్లగొట్టు" అని ఒకటే పోరు. అది అరిచేది గుడ్ల దగ్గరికి కుక్కో పిల్లో వస్తేనే. మనింట్లో దొంగ పడితే మనం అరవమా?

దాన్ని మిట్టమధ్యాహ్నం చూడాలి. కంకర మీద చెయ్యి పెట్టలేం, అంత కాలుతుంది. గుడ్లకు వేడి ఇవ్వడం కాదు, ఉడికిపోకుండా కాపాడటం దాని పని. రెక్కలు వదులు చేసి గుడ్లకు నీడగా నిలబడుతుంది. జంటలో రెండోది రాగానే మా సంపు పక్కన నిలిచిన నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని, తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఇదంతా కిటికీలోంచే చూశాను.

పొదగడానికి దాదాపు నెల పడుతుంది. మధ్యలో కంకర ఎత్తడానికి ట్రాక్టర్ వచ్చింది. నేను ఉరికి వెళ్లి చూపిస్తే మేస్త్రి నవ్వి, చుట్టూ ఇటుకలు పేర్చి, "ఈ మూల ఉండనీయ్ సార్, పిట్ట పోయినంక తీస్కపోతం" అన్నాడు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు ఒళ్లు ఆరగానే లేచి నడుస్తాయి. తల్లి అరిస్తే ఎక్కడివక్కడ నేలకు కరుచుకుపోతాయి.

ఇప్పుడు కొత్త కాలనీల్లో గేటు నుంచి వెనక గోడ దాకా టైల్సే. గోడ వెంట కోనోకార్పస్ చెట్టు ఒకటి. పచ్చగా ఉంటుంది గానీ పిట్ట తినే పండు దానికి లేదు. అదే వేపకాయలు పండితే కోయిలలు, గోరింకలు, పికిలిపిట్టలు అన్నీ దిగుతాయి. దసరాకు ఇంకో దందా, పంజరంలో పాలపిట్టను చూపించి పైసలు తీసుకోవడం. అది మన రాష్ట్ర పక్షి, పొలాల దారిలో కరెంటు తీగ మీద ఫ్రీగా కనిపిస్తుంది. చూస్తే పుణ్యమట, మరి పట్టి బంధిస్తే ఏమిటో!

బైనాక్యులర్ కొనాల్సిందే అంటే 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. ఇరవై రెట్లు అని అమ్మేవి చేతిలో వణుకుతాయి, బొమ్మ నిలవదు. పెరట్లో ఒక మూల టైల్స్ పీకించి మట్టి తొట్టిలో నీళ్లు పెట్టండి. రోజూ మార్చాలి, లేదంటే పిట్టల కంటే ముందు దోమలొస్తాయి.