బొమ్మ బాగుంది సరే, మాటలెక్కడ పెడతారు? (కామిక్స్ గీసేవాళ్ల ప్రశ్నలు, జవాబులు)

పోయిన సంచికలో కామిక్స్ గీసేవాళ్లు సందేహాలుంటే రాయండి అన్నాను. వచ్చిన వాటిలో సగానికి పైగా "ఏ పెన్ను కొనాలి" అనే. దానికి చివర్లో రెండు ముక్కలు చెప్తాను. ముందు అసలు సంగతులు.

అందరూ నా బొమ్మలు బాగుంటాయంటారు. ఆరు పేజీల కామిక్ గీసి ఇంట్లో చూపిస్తే మా అమ్మాయి రెండో పేజీలోనే "ఇప్పుడు ఏది చదవాలమ్మా?" అంది. రెండో పేజీ జత చేశాను. తప్పెక్కడుంది? (ఒక పాఠకురాలు, తెనాలి)

మీ అమ్మాయిది తప్పు కాదండీ. ఆ పేజీలో ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి రెండు చిన్న ప్యానెళ్లు (బొమ్మ గడులు), కుడి పక్కన పైనుంచి కిందిదాకా ఒక పొడుగు ప్యానెల్ పెట్టారు. పైది, దాని కిందది చదివి అప్పుడు పొడుగుదానికి రావాలని మీ ఉద్దేశం. కానీ మనం చిన్నప్పట్నుంచీ ఎడమ నుంచి కుడికి చదవడానికి అలవాటుపడ్డాం కదా, పై ప్యానెల్ అయిపోగానే కన్ను కుడికి దూకేస్తుంది, పొడుగు ప్యానెల్లోకి పడిపోతుంది, అక్కడ తాతగారు అప్పటికే చనిపోయి ఉన్నారు, తర్వాత వెనక్కొచ్చి చూస్తే తాతగారు కాఫీ తాగుతున్నారు. గీసినవాళ్లకి వరస ముందే తెలుసు కాబట్టి ఈ తప్పు వాళ్లకి ఎప్పటికీ కనపడదు, అందుకే ఇంట్లో ఎవరికో ఒకరికి చూపించాలి.

సరిచేయడం తేలికే. పొడుగు ప్యానెల్‌ని ఎడమకి, చిన్నవి రెండూ కుడికి మార్చండి, గొడవే ఉండదు. కథ ప్రకారం అలా కుదరదంటే, ఎడమ పక్కన ఉన్న రెండు ప్యానెళ్ల మధ్య ఖాళీ బాగా తగ్గించి, వాటికీ పొడుగుదానికీ మధ్య ఖాళీ పెంచండి. లేదా తాతగారి మాటలుండే బుడగని, అంటే బెలూన్‌ని పై ప్యానెల్ అంచు దాటించి కింది ప్యానెల్లోకి కాస్త జారనివ్వండి, కన్ను ఆ బెలూన్ పట్టుకుని కిందికి దిగుతుంది.

ఇంకో మాట, మీ నాలుగో పేజీ గురించి రాశారు కదా, బస్సు ఊరొదిలి వెళ్లిపోయే సీన్. బస్సు కుడి నుంచి ఎడమకి పోతోందన్నారు. అంటే చదివే దిక్కుకి ఎదురు. పాఠకుణ్ని బస్సు వెనక్కి నెడుతుంది. ఊరొదిలి పోవడానికి మనసొప్పని మనిషి కథైతే అలాగే ఉంచండి, ఆ ఎదురు మీకు పనికొస్తుంది. హుషారుగా పట్నం పోయే కుర్రాడైతే మాత్రం బస్సుని తిప్పేయండి.

పేజీ అయ్యాక దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, ఒక్కో ప్యానెల్లో కన్ను మొదట పడేచోట చుక్క పెట్టి, చుక్కలన్నీ వరసగా కలపండి. గీత మెలికలు తిరిగినా సాఫీగా సాగితే చాలు. తనని తానే రెండుసార్లు దాటిందంటే పేజీ మళ్లీ గీయాల్సిందే.

బొమ్మలన్నీ పూర్తిచేసి చివర్లో డైలాగులు పెడితే మొహాలు కప్పేస్తున్నాయి. అక్షరాలు చిన్నవి చేస్తే చదవడం కష్టం. ఇంగ్లీషు కామిక్స్‌లో ఈ బాధ ఎందుకు లేదు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. బాధ వాళ్లకీ ఉంది, మనకి రెండింతలు. వాళ్ల కామిక్స్‌లో మాటలు ఎక్కువగా అన్నీ పెద్ద బడి అక్షరాల్లోనే ఉంటాయి, గమనించారా? ఆ అక్షరాలన్నీ ఒకే ఎత్తు, పైకి పోయేదీ కిందికి వేలాడేదీ దాదాపు ఉండదు, వరస మీద వరస ఇటుకల్లా పేర్చుకోవచ్చు. మన అక్షరం అలా కాదు. పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. "స్త్రీ" అని రాసి చూడండి, ఆ ఒక్క అక్షరమే మూడంతస్తుల మేడ. పై వరసలో వత్తు ఉన్నచోటే కింది వరసలో గుడి వచ్చిందంటే రెండూ కొట్టుకుంటాయి. అందుకని వరసల మధ్య చోటు అక్షరం ఎత్తులో కనీసం సగమైనా వదలాలి, ఇది నా లెక్క. బెలూన్ పెరిగేది అక్కడే.

రెండోది, మన మాటల పొడుగు. "వెళ్లిపోతున్నానంటున్నాడు" అనేది మనకి ఒకే మాట. కోడిగుడ్డు లాంటి సన్న బెలూన్లో అది పట్టదు, మధ్యలో విరగ్గొడితే చూడ్డానికి కాలు విరిగినట్టే ఉంటుంది. ఇక్కడ చెయ్యాల్సింది అక్షరం తగ్గించడం కాదు, మాట మార్చడం. "వెళ్తాడట" అంటే పోలా? కామిక్ డైలాగ్‌కి నాటకం డైలాగ్ అంత చోటు ఉండదు. ఒక బెలూన్‌కి పది పన్నెండు మాటలు దాటుతుంటే అది రెండు ప్యానెళ్ల సంగతి.

అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లకి మొదటి నెలంతా ఒకటే పోరు: మాటలు ముందు, మనుషులు తర్వాత. చిత్తు పేజీలో ప్యానెల్ గీత గీసిన వెంటనే డైలాగ్ పెన్సిల్‌తో అసలు సైజులోనే రాసేయండి. బెలూన్ గీసి అందులో మాటలు ఇరికించకండి, మాటలు రాసి వాటి చుట్టూ బెలూన్ గీయండి. ఆ తర్వాత మిగిలిన చోట్లో మనుషుల్ని నిలబెట్టండి. సాధారణంగా ప్యానెల్ పైభాగం మూడో వంతు మాటలకే పోతుంది, పోనివ్వండి. మొదట్లో ఏడుపొస్తుంది, ఇంత బాగా వేసిన మేడ, మబ్బులు ఎక్కడ పెట్టాలి అని. మబ్బులు ఎవరూ చదవరండీ.

ఎవరు ముందు మాట్లాడతారో వాళ్లని ఎడమ పక్కన నిలబెట్టండి. అత్త ఎడమ, కోడలు కుడి అని మొదలుపెడితే ఆ సీన్ అయ్యేదాకా అలాగే ఉంచండి, ఊరికే అటూ ఇటూ మార్చేస్తే చదివేవాడికి ఎవరెవరో తెలీదు. కోడలే ముందు మాట్లాడాలనుకోండి, ఆవిడ బెలూన్‌ని అత్త బెలూన్ కంటే పైకి పెట్టండి. బెలూన్ తోక నోటి వైపు చూడాలి, నోటిని తాకక్కర్లేదు, సగం దూరంలో ఆగినా చాలు.

చేతిరాతా, ఫాంటా అని కూడా అడిగారు. బాపు గారి బొమ్మ పక్కన అచ్చు అక్షరాలు పెట్టి ఊహించుకోండి, ఎలాగో ఉంటుంది కదా. గీసిన చెయ్యే రాసింది కాబట్టే ఆ రెండూ అలా కలిసిపోయాయి, తర్వాత ఆ రాతనే ఫాంటుగా కూడా చేసుకున్నారు జనం. మీ చేతిరాత మరీ ఘోరంగా లేకపోతే దాన్నే వాడండి. ఫాంటే కావాలంటే మండలి, రామభద్ర, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫొటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయని మీలాగే ఇంకో ఇద్దరు రాశారు. టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే సర్దుకుంటాయి. ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో అసలు ఈ సమస్యే రాదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి తెచ్చుకున్న మాటలు మాత్రం యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాదు, నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి.

ఒక పేజీకి ఎన్ని ప్యానెళ్లు ఉండాలి? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

ఇన్ని అని రూలు లేదు తమ్ముడూ. నేర్చుకునేటప్పుడు ఆరుకి మించొద్దు, అంతే.

లెక్క కన్నా ముఖ్యమైంది ఏది గీయాలి, ఏది వదిలెయ్యాలి అన్నది. చందమామ బేతాళ కథల మొదటి వాక్యం మనందరికీ తెలిసిందేగా, శంకర్ గారి బొమ్మ సహా. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్తాడు, శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుంటాడు, మాట్లాడకుండా శ్మశానం వైపు నడుస్తాడు. ఒక వాక్యంలో నాలుగు పనులు. దీన్ని ప్యానెళ్లుగా చెయ్యమంటే పదిమందిలో తొమ్మిదిమంది నాలుగు సమానమైన గడులు గీసుకొస్తారు. చూస్తే మిక్సీతో ఇచ్చే కాగితంలా ఉంటుంది, మొదట మూత పెట్టుము, తర్వాత స్విచ్ వేయుము అని.

ఇలా చేసి చూడు. చిన్న ప్యానెల్లో కొమ్మకి వేలాడే శవం, కింద నుంచి పైకి చూస్తున్నట్టు. రెండో చిన్న ప్యానెల్లో శవం రాజు భుజం మీద, మొహం దగ్గరగా. చెట్టెక్కడం, దించడం అసలు గీయలేదు, అయినా చదివేవాడు ఆ రెండు ప్యానెళ్ల మధ్య తెల్ల ఖాళీలో రాజుని చెట్టెక్కించి దించేస్తాడు. ఆ పని వాడి చేత చేయించడమే మన విద్య. ఇక మూడోది పేజీ వెడల్పంతా పరుచుకున్న ప్యానెల్, దూరంగా చీమంత రాజు, చుట్టూ చీకటి, ఒక్క అక్షరం లేదు. ప్యానెల్ ఎంత వెడల్పుంటే అంతసేపు నడిచినట్టు అనిపిస్తుంది. ఆ మౌనం పూర్తయ్యాకే కింది వరసలో బేతాళుడి మొదటి బెలూన్ రావాలి. ఈ పేజీ గీసి పంపు, చూస్తాను.

బాంబు పేలితే, దెబ్బ తగిలితే ఇంగ్లీషు శబ్దాలే పెట్టాలా? తెలుగులో పెడితే కామెడీగా ఉంటుందేమోనని టెన్షన్. (ఒక పాఠకుడు, కర్నూలు)

కామెడీనా? శబ్దాలకి మన భాషంత ధనవంతురాలు ఎవరండీ! చెంప ఛెళ్లుమంటుంది, గాజు భళ్లుమంటుంది, ఇత్తడి బిందె ఖంగుమంటుంది, తలుపు కిర్రుమంటుంది, నూనెలో ఆవాలు చిటపటమంటాయి. ప్రతి వస్తువుకీ దాని గొంతు వేరే ఉంది. వాటిని టైప్ చేసి అతికిస్తేనే కామెడీగా ఉంటుంది. శబ్దాన్ని గీయాలి. "కిర్ర్‌ర్‌ర్" అనేదాన్ని తలుపు తెరుచుకునే వాలులోనే రాసి, ర వత్తుని నేలదాకా సాగదీయండి. "భళ్లు"లో ల వత్తుని ముక్కగా ఎగరగొట్టండి. అక్షరాలు బోలుగా గీసి మనిషి వెనక్కి సగం దూర్చితే శబ్దం గదిలోంచే వస్తున్నట్టుంటుంది. పేజీకి ఒకటి రెండు చాలు, ప్రతి అడుగుకీ టప్పు టప్పు అనక్కర్లేదు.

సొంత డబ్బుతో పుస్తకం వేయించాను. స్క్రీన్ మీద నల్లగా ఉన్న అక్షరాలకి అచ్చులో ఎర్రగా, నీలంగా నీడలొచ్చాయి. ప్రెస్సు వాళ్లు మోసం చేశారా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

నా మొదటి పుస్తకానికీ ఇదే జరిగింది. నేనూ ప్రెస్సుకెళ్లి అరగంట అరిచి వచ్చాను, తీరా చూస్తే తప్పు నాది, ఆ తర్వాత ఏడాదిపాటు ఆ వీధిలోకి పోలేదు. స్క్రీన్ మీద నలుపు అచ్చుకి మారేటప్పుడు నాలుగు ఇంకుల (నీలం, గులాబీ, పసుపు, నలుపు) కలగలుపుగా మారిపోతుంది. ఒక్కో ఇంకుకి ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది, ఆ నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా సన్న అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. అందుకని అక్షరాలు, సన్న గీతలు ఒక్క నల్ల ఇంకులోనే ఉండేట్టు ఫైలు చేసుకోవాలి, అంటే నలుపు 100, మిగతా మూడూ సున్నా. గీతల బొమ్మ స్కాన్ 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తగ్గకూడదు, రంగుల బొమ్మకి 300 చాలు. అంచుదాకా రంగున్న పేజీకి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీయండి, కోతలో పోతుంది. ఏ3లో గీసి ఏ4లో వేస్తే అన్నీ 70 శాతానికి తగ్గుతాయని గుర్తుపెట్టుకోండి, 14 పాయింట్ల అక్షరం అచ్చులో 10 అవుతుంది. అంతకంటే తగ్గితే మా వయసువాళ్లు పుస్తకం మూసేస్తారు.

ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకి కామిక్స్ నేర్పాలనుంది. డ్రాయింగ్ రాని పిల్లలే ఎక్కువ, దొరికేది వారానికి ఒక పీరియడ్. ఎలా మొదలుపెట్టాలి? (ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా)

మాస్టారూ, ఒక్కొక్కరికి ఒక ఏ4 కాగితం, ఒక నల్ల బాల్‌పెన్ను చాలు. కాగితాన్ని ఎనిమిది గడులు వచ్చేట్టు మడిచి, విప్పి, మధ్య మడత వెంబడి నడిమి రెండు గడుల పొడవున మాత్రం చీల్చి, మళ్లీ నిలువునా మడిచి రెండు కొసలూ లోపలికి నెడితే అరచేతిలో పట్టే ఎనిమిది పేజీల పుస్తకం తయారవుతుంది. ఏమీ గీయకముందే పుస్తకంగా ఉన్నప్పుడే 1 నుంచి 8 దాకా నంబర్లు వేయించండి. విప్పితే సగం అంకెలు తలకిందులుగా ఉంటాయి, పిల్లలు తెగ నవ్వుతారు. కాగితం అంచుల్లో అర సెంటీమీటరు వదలమనండి, లేకపోతే జిరాక్సులో తెగిపోతుంది. ఒక వైపే గీస్తారు కాబట్టి జిరాక్సు తీసి మడిస్తే క్లాసంతా పంచుకోవచ్చు.

పేజీకి ఒకటే బొమ్మ, కాబట్టి వరస గొడవ లేదు. వాళ్లకి నేర్పాల్సింది పేజీ తిప్పడం. 1 అట్ట, 2-3 కలిసి కనిపిస్తాయి, 4-5 కలిసి, 6-7 కలిసి, 8 వెనక అట్ట. అంటే దాచి చూపించాల్సింది ఏదున్నా 4, 6, 8లో పెట్టాలి. మూడో పేజీలో "మంచం కింద ఏదో కదిలింది", నాలుగులో పిల్లి. అదే మూడులో పెడితే రెండు చదువుతుండగానే పిల్లి కనిపించేస్తుంది.

డ్రాయింగ్ రాదనే పిల్లల చేత నాలుగు రకాల కనుబొమ్మలు, నాలుగు రకాల నోళ్లు గీయించండి. కలిపితే పదహారు మొహాలు. ఒంటికి పుల్లలు చాలు. పిల్లలు కాస్త చెయ్యి తిరిగాక గోడ కామిక్ చేయించండి. శరద్ శర్మ గారి వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్లు ఊళ్లలో మామూలు జనం చేత చేయిస్తుంటారు, రెండు ఏ4 కాగితాలు అతికించి నాలుగు ప్యానెళ్ల పోస్టరు. మధ్యాహ్న భోజనం వరండాలో అంటిస్తే, గీసినవాడి పక్కనే నిలబడి మిగతావాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ నవ్వారో చూడొచ్చు.

ఏ పెన్ను కొనాలి? (చాలామంది)

స్కాన్ చేసేవాళ్లు లేత నీలం పెన్సిల్‌తో చిత్తు వేసుకోండి, తర్వాత కంప్యూటర్లో తేలిగ్గా తీసెయ్యొచ్చు, రబ్బరు పని తప్పుతుంది. పైన నీళ్లకి కరగని ఇంకున్న పెన్ను ఏదైనా సరే. 0.3, 0.5, 0.8 మూడు సైజులుంటే ప్యానెల్ అంచుకీ మనిషికీ ముక్కు మడతకీ తేడా చూపించొచ్చు. టాబ్లెట్ కొనాలా అని అడిగినవాళ్లకి: పైన చెప్పిన ఎనిమిది పేజీల పుస్తకాలు ఐదు చేయండి, అప్పుడు మళ్లీ రాయండి.