సొర పాదుకు బూడిద తెగులు: మా మిద్దె తోటలో పనికొచ్చినవి, పనికిరానివి

మీ సొర పాదు ముదురు ఆకుల మీద ముగ్గు చల్లినట్టు తెల్లటి పొడి వచ్చిందని, తడిగుడ్డతో తుడిస్తే పోయి వారం తిరక్కుండానే మళ్లీ వచ్చిందని, ఇప్పుడు పక్కనున్న దోస తీగకు కూడా మొదలైందని రాశారు. షాపులో ఇచ్చిన మందు సీసా చేతిలో ఉన్నా, పిల్లలు తినే కాయలు కదా అని కొట్టడానికి మనసొప్పడం లేదన్నారు. కొట్టకుండా ఆగి మంచి పని చేశారు. మీరు చెప్పిన లక్షణాలన్నీ బూడిద తెగులువే. దీనితో పాదు రాత్రికి రాత్రి చచ్చిపోదు, కాబట్టి టెన్షన్ పడకండి. రెండు మూడు వారాలు ఓపిగ్గా చూసుకుంటే కొత్తగా వచ్చే ఆకులను నిలబెట్టుకోవచ్చు.

హైదరాబాద్‌లో మా మిద్దె మీద ఏడేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. దసరా దాటి వానలు తగ్గి, రాత్రిళ్లు చలి మొదలయ్యే రోజుల్లో ఏదో ఒక పాదు మీద ఈ తెల్లదనం కనిపిస్తూనే ఉంటుంది. మొదటి రెండేళ్లూ నేను కూడా మీలాగే తుడిచాను, దొరికిన మందల్లా కొట్టాను, చివరికి కాపు మీదున్న పాదులను ఏడుపు దిగమింగుకుని పీకేశాను. తర్వాత అర్థమైంది, నేను చూస్తున్నది తెల్లబడ్డ ఆకులను మాత్రమే. చూసుకోవాల్సింది ఇంకా పచ్చగా ఉన్న ఆకులను.

ముందు ఇది ఎలా వస్తుందో తెలియాలి, లేకపోతే నేను చేసిన తప్పే మీరూ చేస్తారు. ఇదీ ఒక శిలీంధ్రమే, అంటే బూజు లాంటిది. బూజు అనగానే మనకు తడి గుర్తొస్తుంది. అందుకని నేను నీళ్లు తగ్గించేశాను. మధ్యాహ్నానికి ఆకులు వాడిపోయేవి, తెల్లదనం మాత్రం ఇంకా పాకేది. ఈ శిలీంధ్రం తక్కిన వాటిలాంటిది కాదు. దాని విత్తనాల్లాంటి పొడి మొలకెత్తడానికి ఆకు మీద నీటి చుక్క అక్కర్లేదు. గాలిలో ఉన్న తేమ చాలు. పైగా ఆకు మీద నీళ్లు నిలిస్తే ఆ పొడికే నష్టం. జోరు వానల్లో ఇది పెద్దగా కనిపించకపోవడానికి, వానలు ఆగాక విజృంభించడానికి కారణం అదే. పగలు పొడిగా, వెచ్చగా ఉండి, రాత్రి చలితో గాలిలో తేమ పెరిగితే దానికి పండగ. 20 నుంచి 27 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సరిగ్గా అదే వాతావరణం.

మా నాన్నగారు కృష్ణా జిల్లాలో వరి కోతలయ్యాక మాగాణిలో మినుము చల్లేవారు. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే పొలం నుంచి వచ్చి "మంచు ఎక్కువైంది, బూడిద పడేలా ఉంది" అనేవారు. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. మిద్దె మీద సొర పెట్టాకే అర్థమైంది.

ఇప్పుడు మీ పాదు దగ్గరికి వెళ్లి ఒక పని చేయండి. అన్నిటికంటే కింద ఉన్న, అన్నిటికంటే ముదురు ఆకును పట్టుకుని వెనక్కి తిప్పండి. నాకు మొదటి మచ్చ ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది. కందిగింజంత గుండ్రటి తెల్లటి మచ్చ, అంచులు మసకగా, పౌడర్ డబ్బా మూత నుంచి ఒక్కసారి రాలినట్టు ఉంటుంది. బొటనవేలితో రుద్దితే వేలికి అంటుకుంటుంది, కింద ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. ఆ దశలో పట్టుకుంటే సగం పని అయినట్టే. పైవైపు ముగ్గు చల్లినట్టు కనబడే సరికి అది వచ్చి చాలా రోజులై ఉంటుంది. వాతావరణం కుదిరితే ఒక మచ్చ నుంచి మళ్లీ కొత్త పొడి తయారవడానికి వారం కూడా పట్టదు. మీరు తుడిచాక మళ్లీ వచ్చింది కదా, అది తుడవడంలో లోపం కాదు. తుడిచేటప్పుడు ఎగిరిన పొడి పక్క ఆకుల మీద వాలి ఉంటుంది, కంటికి కనబడనిది అప్పటికే మొలకెత్తి ఉంటుంది.

రుద్దితే పోని తెలుపు అయితే కంగారు పడకండి. గుమ్మడి రకాలు కొన్నిటికి ఈనెల పక్కన వెండి మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, అది ఆ రకం అందం. ఆకు పైన ఈనెల మధ్య పలకలుగా పసుపు మచ్చలు, వాటి వెనక బూడిద రంగు బూజు ఉంటే అది బూజు తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు. బూజు తెగులుకు తడి కావాలి, దీనికి అక్కర్లేదు. దానికి పనిచేసే మందులు చాలావరకు దీనికి పనిచేయవు.

మొదట చేయాల్సింది ఆకులకు గాలి, ఎండ తగిలేలా చూడటం, ఆ తర్వాత కత్తెర పని. మా మిద్దె మీద సొర పందిరి ఒక కొస నీళ్ల ట్యాంకు గోడకు ఆనుకుని ఉండేది. అక్కడ ఎండ పదకొండు దాటాక గానీ రాదు, గాలి ఆడదు, ఆకు మీద ఆకు పడి చీకటిగా ఉంటుంది. మూడేళ్లు వరుసగా తెగులు ఆ మూల నుంచే మొదలైంది. నాలుగో ఏడు పందిరిని గోడకు రెండడుగులు ఇవతలికి జరిపి, మొక్కలున్న గ్రో బ్యాగుల మధ్య దూరం పెంచాను. ఆ ఏడు తెగులు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ జనవరి మధ్యకు వచ్చింది. అప్పటికి కాపు చాలావరకు చేతికొచ్చేసింది. ఇన్నేళ్లలో నేను చేసిన వాటన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదొక్కటే, దీనికి పైసా ఖర్చు లేదు.

ఆకులు కోసేటప్పుడు కింద ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకోండి. తెగులు ఆకును కదపకుండా కవరులోకి వంచి, అప్పుడు కాడ కత్తిరించండి. లాగితే పొడి పొగలా లేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను దూరంగా ఉంచండి, మీరూ మాస్కు పెట్టుకోండి. సగానికి పైగా తెల్లబడ్డవి, నేలకు తగిలేవి ముందు తీసేయండి. ఒకేసారి మూడో వంతుకు మించి తీయకండి, ఎందుకంటే పిందెలకు తిండి పెట్టేది ఆ ఆకులే, కాయలకు నీడ కూడా అవే. కోసినవి కంపోస్టు డబ్బాలో వేయకుండా మూట కట్టి చెత్త బండికి ఇస్తాను. కత్తెరను సబ్బుతో కడిగాకే పక్క తీగ దగ్గరికి వెళతాను. సొర, దోస, బీర, గుమ్మడి ఒకే కుటుంబం కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకోవచ్చు. గులాబీ మీది బూడిద మాత్రం సొరకు రాదు, దాని జాతి వేరు.

ఎరువు సంగతి కూడా చూసుకోండి. మీరు వారం వారం వేరుశనగ చెక్క నీళ్లు పోస్తున్నట్టు రాశారు. నేనూ పోసేదాన్ని. నత్రజని ఎక్కువైతే ఆకులు విస్తరాకులంత అవుతాయి, మెత్తగా ఉంటాయి, తెగులుకు అలాంటి ఆకే ఇష్టం. తగ్గేదాకా ఆపండి. నీళ్లు మాత్రం పాదు మొదలు దగ్గర, పొద్దున్నే, ఎప్పటిలా పోయండి.

ఇక పిచికారీలు. నాకు నమ్మకం కుదిరింది పాల మీద. ఇది చిట్కా కాదు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గ్రీన్‌హౌస్‌లో గుమ్మడి జాతి మొక్కల మీద పచ్చి ఆవు పాలు నీళ్లలో కలిపి కొట్టి చూసి, 1999లో ఫలితాలు ప్రచురించారు. పది శాతం, ఆపైన పాలు వారానికోసారి కొడితే రసాయన మందులకు దీటుగా పనిచేసింది. నేను ఒక టీ గ్లాసు పాలకు తొమ్మిది గ్లాసుల నీళ్లు కలిపి, వడగట్టి, ఆకు రెండు వైపులా తడిసేలా కొడతాను. ఎండ బాగా ఉన్న పొద్దుటి పూట కొట్టాలి, ఎండ తగిలితేనే పాలు బాగా పనిచేస్తాయి. సాయంత్రం కొట్టి చూశాను, వాసన తప్ప ఏమీ మిగల్లేదు. మొదటిసారి పాల గ్లాసు మిద్దె మీదికి తీసుకెళుతుంటే మా అత్తయ్యగారు బాధపడ్డారు. "పాలెందుకమ్మాయ్, మా ఊళ్లో పుల్లమజ్జిగ చల్లేవాళ్లం" అన్నారు. మూడు రోజులు పులిసిన మజ్జిగను అదే పాళ్లలో కలిపి ఒక పాదుకు, పాలు ఇంకో పాదుకు కొట్టి చూశాం. మా ఇంట్లో రెండిటికీ పెద్ద తేడా కనబడలేదు. ఇప్పుడు మజ్జిగ మిగిలిన రోజు మజ్జిగ, లేని రోజు పాలు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాలు కొట్టినా మజ్జిగ కొట్టినా తెల్లబడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు. అది కాపాడేది పైన వచ్చే లేత ఆకులను. నేను ప్రతి ఆదివారం కొడతాను, పాదు కొసన మూడు నాలుగు ఆకులు శుభ్రంగా ఉన్నాయంటే పని జరుగుతున్నట్టే లెక్క.

వంటసోడా గురించి కూడా అడిగారు. లీటరుకు ఒక చెంచా అంటే పనిచేస్తుంది, కానీ నేను ఆత్రంతో రెండు చెంచాలు వేస్తే ఆకు అంచులు మాడిపోయాయి. పైగా అందులో సోడియం ఉంటుంది, గ్రో బ్యాగులో కొంచెమే మట్టి కాబట్టి అక్కడే పేరుకుపోతుంది. నేను మానేశాను. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొడితే మొదటి దశలో పర్వాలేదు.

ఇవేవీ ఆపలేకపోతే అప్పుడు గంధకం. 1845లో ఇంగ్లండ్‌లోని మార్గేట్ దగ్గర టక్కర్ అనే తోటమాలి ద్రాక్ష మీద ఈ జాతి తెగులును గమనించి గంధకం, సున్నం కలిపి వాడాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా బూడిద తెగులుకు గంధకం పనికొస్తూనే ఉంది. నీటిలో కరిగే గంధకం అని 80 శాతం పొడి దొరుకుతుంది, లీటరు నీటికి 3 గ్రాములు. కానీ సొర, దోస జాతి ఆకులు గంధకానికి సున్నితం. ఒక మార్చి నెలాఖరున ఎండ ముదిరాక, అంతకు వారం ముందే వేపనూనె కొట్టిన పాదు మీద గంధకం కొట్టాను. మర్నాటికి ఆకులు నిప్పుల మీద పెట్టిన అప్పడాల్లా అంచుల నుంచి ముడుచుకుపోయాయి. తెగులు చంపని పాదును నా చేతులతో నేనే చంపుకున్నాను, ఇప్పటికీ బాధే. నూనెకూ గంధకానికీ మధ్య కనీసం రెండు మూడు వారాలు ఎడం ఉండాలి, 32 డిగ్రీలు దాటిన రోజున దాని జోలికే పోకూడదు. ముందు రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూశాకే తక్కినవాటికి.

మీ చేతిలోని సీసా మీద లేబుల్ చదవండి. హెక్సాకొనజోల్ లాంటి మందు అయితే అది ఆకు లోపలికి ఇంకుతుంది. ఏ పంటకు, కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలో లేబుల్ మీద ఉంటుంది. సొర రోజు విడిచి రోజు కోసుకునే పంట, అన్ని రోజులు ఆగడం ఇంట్లో అయ్యే పని కాదు. నేనైతే తినే పాదుకు కొట్టను. లేబుల్ చిరిగిపోయినా, పేరు ట్రైడెమార్ఫ్ అని ఉన్నా అసలే వద్దు, దాన్ని 2018లో మన దేశంలో నిషేధించారు. అనుమానం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెబుతారు.

మిరప మొక్కలు ఉన్నాయా? ఉంటే వాటి ఆకుల వెనక కూడా చూడండి. మిరపకు వచ్చే బూడిద తెగులు శిలీంధ్రం ఆకు లోపలికి దిగిపోతుంది. పైన పసుపు మచ్చ, వెనక తెల్లటి పొర, తర్వాత ఆకులు రాలిపోతాయి. దానికి పాలు నా దగ్గర పనిచేయలేదు.

ఇంకో సంగతి. తెల్లటి ఆకు మీద చిన్న పసుపు రంగు అక్షింతల పురుగు కనబడితే చంపకండి. రెండేళ్ల కిందట ఒక ఆకు వెనక దాని పిల్లలను చూశాను, పసుపు ఒంటి మీద వరుసగా నల్ల చుక్కలు. ఆకు తినేస్తున్నాయేమోనని భూతద్దం పెట్టి కూర్చున్నాను. ఆకును ముట్టుకోవడం లేదు, తెల్లటి పొడిని మేస్తున్నాయి. అవి నడిచిన దారిలో సన్నటి పచ్చ గీతలు మిగిలాయి. అవి తెగులును పూర్తిగా ఆపలేవు, కానీ అవి ఉన్న ఆకు మీద నేను ఏదీ కొట్టను.

కాయల సంగతికి వస్తే, ఆకు మీద బూడిద ఉన్న పాదు కాయను కడిగి నిశ్చింతగా వండుకోవచ్చు, పిల్లలకు పెట్టవచ్చు. మీ పాదుకు మూడు నెలలు దాటాయన్నారు కదా, కాపు తగ్గుతుంటే దానితో మరీ పోరాడకండి. ఉన్న పిందెలు ఎదగనివ్వండి, ఈలోపు పొద్దుటి ఎండ తగిలే వేరే మూల రెండు కొత్త విత్తనాలు పెట్టండి. దోస తీగ మాత్రం లేతది, దాన్ని వదలొద్దు. రేపు పొద్దున దాని అడుగు ఆకులు వెనక్కి తిప్పి చూసి, మచ్చలున్నవి కోసేసి, ఎండ రాగానే పాలు కొట్టండి. వచ్చే ఆదివారం కొస ఆకుల ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.