కాలనీ మీటింగులో పోలీసులకు చెబితే ఫిర్యాదు చేసినట్టేనా?

కాదు, అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో కమ్యూనిటీ హాల్లోనో జరిగే భద్రతా సమావేశంలో ఎస్‌ఐ గారితో చెప్పినంత మాత్రాన కేసు నమోదైనట్టు కాదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం, నోటిమాటగా చెప్పిన నేరాన్ని స్టేషన్ అధికారి రాతలో పెట్టించి, చదివి వినిపించి, మీ సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పంపినా మూడు రోజుల్లోగా సంతకం చేయాల్సిందే. మీటింగులో ఇవేవీ జరగవు. అక్కడ తేలేవి వేరు: ఏ సందులో దీపం వెలగట్లేదు, సీసీ కెమెరా గేటు వైపు ఉందా లేక గోడ వైపు ఉందా, సంక్రాంతికి ఏ ఇళ్లకు తాళం పడుతుంది వంటివి. దొంగతనం జరగకముందు పనికొచ్చే మాటలివి, తక్కువేం కాదు.

ఉదాహరణకు, విశాఖలోని ఎంవీపీ కాలనీలో ఉండే ఒకరి బైక్ గాజువాకలో పోయిందనుకుందాం. మీటింగులో అందరి ముందూ చెప్పినా, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది ఎఫ్‌ఐఆరే. దానికోసం గాజువాకే వెళ్లక్కర్లేదు. దగ్గర్లోని స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) కట్టి, కేసును అక్కడికి బదిలీ చేస్తారు.

చాలామంది పొరబడేది ఇక్కడే: "సీఐ గారే స్వయంగా నోట్ చేసుకున్నారు కదా" అని నిశ్చింతగా ఉండిపోతారు. ఆ నోట్‌బుక్కు ఎఫ్‌ఐఆర్ కాదు. కళ్లెదుటే ఏదైనా జరుగుతుంటే మాత్రం వచ్చే మీటింగు దాకా ఆగకుండా వెంటనే 112కి, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి.