లినక్స్ కెర్నెల్‌లో కొత్తవారి ప్యాచ్‌లు చేరడం ఎందుకంత కష్టం?

కోడ్ సరిగ్గా పనిచేస్తున్నా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌కు కొత్తవారు పంపే ప్యాచ్‌కు (కోడ్‌లో ప్రతిపాదించే మార్పుకు) చాలాకాలం జవాబు రాకపోవడానికి ప్రధాన కారణం, దాన్ని చదవాల్సిన మెయింటెయినర్లకు (కెర్నెల్‌లో ఒక్కో భాగం బాధ్యత చూసేవారికి) తీరిక లేకపోవడమే. పంపినవారు ఆ తర్వాత కనిపించకుండా పోయినా ఆ కోడ్ బాధ్యతను ఏళ్ల తరబడి మోయాల్సింది మెయింటెయినరే కనుక, ముక్కూమొహం తెలియనివారు పంపిన పెద్ద మార్పును వారు అనుమానంగా చూడటం నా దృష్టిలో అన్యాయమేమీ కాదు. అందుకే చిన్న బగ్ సవరణతో మొదలుపెట్టడం మేలు.

పద్ధతులు కూడా తికమకపెడతాయి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్‌ను పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో వచ్చే పుల్ రిక్వెస్టులను (మార్పును కలుపుకోమనే అభ్యర్థనలను) తీసుకోరు. ప్యాచ్‌ను సాదా టెక్స్ట్ ఈమెయిల్‌గా, సాధారణంగా ‘గిట్ సెండ్-ఈమెయిల్’ అనే కమాండ్ ద్వారా, సంబంధిత మెయింటెయినర్‌కు పంపాలి. మామూలు మెయిల్ ప్రోగ్రాములు కొన్ని ట్యాబ్‌లను స్పేసులుగా మార్చి, పొడవైన లైన్లను విరగ్గొట్టడంతో ప్యాచ్ అసలు అప్లై కాదు. ఎవరికి పంపాలో ‘గెట్ మెయింటెయినర్’ స్క్రిప్టు చెబుతుంది, కోడ్ రాసే శైలిలోని దోషాలను ‘చెక్‌ప్యాచ్’ స్క్రిప్టు పట్టిస్తుంది. ఆ కోడ్‌ను ఇచ్చే హక్కు తనకుందని పంపినవారు ధ్రువీకరించే ‘సైన్డ్-ఆఫ్-బై’ లైన్ 2004 నుంచి అమల్లో ఉంది. అది లేని ప్యాచ్‌ను తీసుకోరు.

సమయమూ చూసుకోవాలి. సుమారు 9–10 వారాలకొకసారి కొత్త వెర్షన్ విడుదలవుతుంది. విడుదల కాగానే మొదలయ్యే 2 వారాల మెర్జ్ విండోలో (తర్వాతి వెర్షన్‌కు మార్పులను కలుపుకునే గడువులో), అప్పటికే సిద్ధమైన మార్పులను టోర్వాల్డ్స్‌కు చేర్చే హడావుడిలో మెయింటెయినర్లు ఉంటారు కాబట్టి, ఆ రోజుల్లో పంపిన కొత్త ఫీచర్ తరచూ మరుగున పడుతుంది. వ్యాఖ్యలు వస్తే ఒక్కోదానికీ జవాబిచ్చి, ఏం మార్చారో రాసి, ‘వీ2’ (రెండో రూపం) అని గుర్తుపెట్టి మళ్లీ పంపాలి.