సమాధానం: సమచతుర్భుజం అంటే చతురస్రం కాదండీ

ఒక ఆకారం వైశాల్యం మీ బాబుకి 100 వచ్చింది, పుస్తకంలో జవాబు 96 అని ఉంది, పుస్తకం తప్పా అని అడిగారు. పుస్తకంలో తప్పు లేదండీ. మీరిచ్చిన లెక్కలో ఉన్నది సమచతుర్భుజం, అంటే నాలుగు భుజాలూ సమానంగా ఉన్న ఆకారం: భుజం 10 సెం.మీ., కర్ణాలు 12, 16 సెం.మీ. బాబు 10 × 10 = 100 అని వేశాడు, అది చతురస్రం సూత్రం. ఇక్కడ కర్ణాల లబ్ధంలో సగం తీసుకోవాలి: 12 × 16 = 192, అందులో సగం 96 చదరపు సెం.మీ.

చిక్కంతా పేరులోనే ఉంది. ‘సమ’ అన్నది భుజాలకే, కోణాలకు కాదు. నాలుగు అగ్గిపుల్లలతో చతురస్రం పేర్చి ఒక మూలను పక్కకు నెట్టి చూపించండి. పుల్లల పొడవు మారదు, లోపలి జాగా మాత్రం తగ్గిపోతుంది. చతురస్రానికి భుజాలతోపాటు నాలుగు కోణాలూ 90° ఉండాలి.

‘కర్ణం’తో ఇంకో తంటా. లంబకోణ త్రిభుజంలో 90° కోణానికి ఎదురుగా ఉన్న భుజమూ కర్ణమే, చతుర్భుజంలో ఎదురెదురు మూలలను కలిపే గీతా కర్ణమే. ఈ లెక్కలో రెండూ కలుస్తాయి. సమచతుర్భుజంలో కర్ణాలు ఒకదాన్నొకటి లంబంగా, సరిగ్గా సగానికి ఖండించుకుంటాయి (సమద్విఖండన) కనుక 6, 8 భుజాలుగా నాలుగు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. వాటి కర్ణం 10, అదే మన ఆకారానికి భుజం. బొమ్మ గీయకుండా చదివితే పెద్దవాళ్లకీ తికమకే.

ఇలా తికమక పెట్టే పేర్లు ఇంకా ఉన్నాయి. లఘుకోణం అన్నా అల్పకోణం అన్నా 90° కంటే చిన్నదే, గురుకోణం అన్నా అధికకోణం అన్నా 90° కంటే పెద్దదే (180° లోపు). పూరక కోణాల మొత్తం 90°, సంపూరక కోణాలది 180°. ‘సం’ ఉన్నది పెద్దది, అంతే.